జీవో వచ్చింది, జై కొట్టండి

2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఓ ఉత్తర్వు ఇచ్చింది. యూరియా గురించి కాదు. పింఛన్ల గురించీ కాదు. ‘ఓజీ’ సినిమా గురించి. 25వ తేదీ అర్ధరాత్రి ఒంటిగంట ఆటకు టికెట్ వెయ్యి రూపాయలు. జీఎస్టీ కూడా అందులోనే, కంగారు పడకండి. ప్రభుత్వానికి ఆ మాత్రం దయ ఉంది. ఆ తర్వాత పది రోజులు సింగిల్ స్క్రీన్‌లో మామూలు రేటు మీద 125, మల్టీప్లెక్సులో 150 వడ్డన.

హీరో ఎవరు? రాష్ట్ర ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్. అనుమతి ఇచ్చిందెవరు? రాష్ట్ర ప్రభుత్వం. జేబు తడుముకున్నదెవరు? మీరే.

‘అర్జీ పెట్టుకున్నది నిర్మాత. హీరోగారికేం సంబంధం?’ అని అడిగే పెద్దమనుషులుంటారు. అవును, సంబంధం లేదు. సినిమా ఆయనది కాదు. ప్రభుత్వం ఆయనది కాదు. అర్ధరాత్రి గేటు దగ్గర గొంతు చించుకున్న కుర్రాడు కూడా ఆయన మనిషి కాదు. సరేనా?

నాలుగు నెలలు వెనక్కి వెళ్దాం. అదే ఏడాది మే నెల. ఉప ముఖ్యమంత్రి కార్యాలయం నుంచి ఓ ఘాటు ప్రకటన వచ్చింది. కొత్త ప్రభుత్వం ఏర్పడి ఏడాది కావస్తున్నా సినిమా పెద్దలు ముఖ్యమంత్రిని మర్యాదకైనా కలవలేదట. పరిశ్రమ ఇచ్చిన ‘రిటర్న్ గిఫ్ట్’కు కృతజ్ఞతలట. జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామని ఎగ్జిబిటర్లు మొరాయిస్తున్న రోజులవి. పవన్ సినిమా ‘హరిహర వీరమల్లు’ విడుదలకు ముస్తాబవుతున్న రోజులూ అవే. కాకతాళీయం!

ఉన్నట్టుండి ప్రేక్షకుడి మీద ప్రేమ పొంగింది. పాప్‌కార్న్ ఎంతకు అమ్ముతున్నారు, నీళ్ల సీసా ఎంత, మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయా, తనిఖీ చేయండి అన్నారు. మంచి పనే. ఎవరు కాదన్నారు? కానీ ఆ పాప్‌కార్న్ దాకా వెళ్లాలంటే ముందు గేటు దాటాలి కదా స్వామీ! ఆ గేటు దాటే చీటీ జూలైలో వీరమల్లు ప్రీమియర్‌కు ఆరు వందలైంది. సెప్టెంబరులో ఓజీకి వెయ్యి అయింది. నీళ్ల సీసా దగ్గర పది రూపాయలు మిగిల్చి, బుకింగ్ దగ్గర ఏడెనిమిది వందలు లాగడం ప్రజాసేవలో ఏ పద్దు కిందికి వస్తుందో ఆర్థిక శాఖ వాళ్లే చెప్పాలి.

ఇది చదివి అవతలి పార్టీ వాళ్లు చంకలు గుద్దుకోనక్కర్లేదు. మీ వంతు వచ్చింది.

2021 ఏప్రిల్ 8న జగన్ ప్రభుత్వం జీవో నంబరు 35 తెచ్చింది. పంచాయతీల్లోని నాన్ ఏసీ హాల్లో కింది తరగతి టికెట్ ఐదు రూపాయలు. అక్షరాలా ఐదు. మర్నాడే పవన్ ‘వకీల్ సాబ్’ విడుదల. ఇదీ కాకతాళీయమే! ఆ రాష్ట్రంలో దేనికైనా కొరత ఉండొచ్చు గానీ కాకతాళీయాలకు లేదు. ఐదు రూపాయలకు ఊళ్లో అర కప్పు టీ పోయరు. ఆ ఐదులోంచే హాలు యజమాని కరెంటు బిల్లు కట్టాలి, ప్రొజెక్టర్ అద్దె కట్టాలి, గేటు దగ్గర టికెట్ చింపేవాడికి జీతం ఇవ్వాలి. అసలే పల్లెటూరి హాళ్లు ఒక్కొక్కటీ కల్యాణ మండపాలుగా, ధాన్యం గోడౌన్లుగా మారిపోతున్న కాలం. పేదవాడికి సినిమా చవగ్గా చూపిస్తామన్నారు. హాలే లేకపోతే చూపించేదెక్కడ? తహసీలు కచేరీ గోడ మీదా?

ఆ ఏడాది డిసెంబరులో అధికారులు ఊరూరా హాళ్ల మీద పడ్డారు. లైసెన్సు చూపించు, ఫైర్ సర్టిఫికెట్ చూపించు అన్నారు. కొన్నింటికి సీలు వేశారు. కొన్ని వాటంతటవే తలుపులు మూసుకున్నాయి. థియేటర్ కంటే పక్కనున్న కిరాణా కొట్టుకే గల్లాపెట్టె నిండుతోందని హీరో నాని అన్నందుకు మంత్రులు ఆయన మీద విరుచుకుపడ్డారు. మంత్రులకు అంతకు మించిన పని ఏముంది? అసలు ప్రభుత్వం సినిమా టికెట్లు అమ్మడమేంటని ‘రిపబ్లిక్’ సినిమా సభలో పవన్ కల్యాణ్ నిలదీసింది కూడా ఆ ఏడాదే. బాగా అడిగారు. నాలుగేళ్లు తిరిగేసరికి ఆ ప్రశ్నకు జవాబు దొరికింది. అమ్మేది ఎవరన్నది కాదు సమస్య, ఎవరి సినిమాకు అమ్ముతున్నారన్నదే!

చివరికి 2022 ఫిబ్రవరి 10. తాడేపల్లి. చిరంజీవి, మహేశ్ బాబు, ప్రభాస్, రాజమౌళి తదితరులు ముఖ్యమంత్రి ముందు కూర్చున్నారు. చిరంజీవి చేతులు జోడించిన దృశ్యం ఇంటింటి టీవీలోకీ వచ్చింది. తెర మీద ముఖ్యమంత్రుల కాలర్లు పట్టుకుని ప్రశ్నించే జాతి మనది. తెర బయట గుమ్మం దగ్గరే భుజాలు వంగిపోతాయి. ఎందుకు వంగాయో ఆలోచించారా? వ్యవసాయ కూలీ కోసమా? ఉద్యోగం రాని కుర్రాళ్ల కోసమా? టికెట్ రేటు కోసం.

దండం ఫలించింది. మార్చి 7న కొత్త జీవో వచ్చింది. కనిష్ఠం 20, గరిష్ఠం 250. రోజుకు ఐదు ఆటలు, అందులో ఒకటి 20 కోట్ల లోపు చిన్న సినిమాకు. ఇంతవరకూ సరే. ఆ కాగితంలో ఇంకో ముక్క ఉంది. నన్నడిగితే తెలుగు సినిమా చరిత్ర రాసేవాళ్లు దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకోవాలి. నిర్మాణ వ్యయం వంద కోట్లు దాటిన సినిమాకు మొదటి పది రోజులు రేటు పెంచుకోవచ్చు. అయితే ఆ వంద కోట్ల లెక్కలో హీరో, హీరోయిన్, దర్శకుడి పారితోషికాలు కలపకూడదు!

మళ్లీ చదవండి. కలపకూడదు.

అంటే ఏమిటి? దొంగ ఎక్కడ దాక్కున్నాడో సర్కారుకు తెలుసు. ‘భారీ బడ్జెట్’ అని నిర్మాత గుండెలు బాదుకుంటే ఆ బడ్జెట్‌లో తెర మీద కనిపించేది ఎంతో, ఒకరిద్దరి ఖాతాల్లోకి పోయేది ఎంతో సచివాలయంలో ఫైలు రాసిన గుమస్తాకు కూడా తెలుసు. తెలిసే రాశారు. రాసి ఏం చేశారు? ఇన్ని పెద్ద సినిమాలు వచ్చాయి. ఇన్నిసార్లు రేట్లు పెరిగాయి. పారితోషికాలు పోగా మిగిలిన ఖర్చు ఇదిగో అని ప్రేక్షకుడి ముందు పెట్టిన కాగితం ఒక్కటంటే ఒక్కటి మీ కంట పడిందా? నా కంట పడలేదు. నిబంధన పెట్టడం ప్రభుత్వం వంతు, మర్చిపోవడం కూడా ప్రభుత్వం వంతే. నిర్మాత వంతు తలూపడం.

ఇక ఆ దండం కథ అక్కడితో ఆగిందా? లేదు. మూడున్నరేళ్ల తర్వాత, సరిగ్గా ఓజీ విడుదలైన సెప్టెంబరు 25నే, ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఆ పాత భేటీ మీద రచ్చ జరిగింది. ఎవరు ఎవర్ని అవమానించారు, ఎవరు గట్టిగా అడిగారు, ఎవరు అడగలేదు. హిందూపురం ఎమ్మెల్యే బాలకృష్ణ సభలో ఓ మాట అన్నారు. చిరంజీవి బయటి నుంచి ఇంకో ప్రకటన ఇచ్చారు. మన పన్నులతో నడిచే సభలో మన హీరోల పరువు లెక్కలు తేల్చుకున్నారు. ముందు రాత్రే వెయ్యి పెట్టి సినిమా చూసి, కళ్లు ఎర్రబడి, డ్యూటీకి పోయిన కుర్రాడి పరువు గురించి సభలో ఏ సభ్యుడికైనా బెంగ పట్టుకుందా?

ఇప్పుడు అసలు ఖాతా తెరుద్దాం. నిర్మాతలంటే అమాయకులు అనుకోకండి. వాళ్లకూ నొప్పి తెలుసు. 2022 ఆగస్టు 1న తెలుగు నిర్మాతలు షూటింగులు ఆపేశారు. ఎందుకు? ఖర్చులు కొండెక్కాయి, తగ్గించుకోవాలి అని. కమిటీలు వేశారు. సమావేశాలు పెట్టారు. ఓటీటీకి ఎనిమిది వారాల గడువు అన్నారు. హీరో వెంట వచ్చే మేకప్, హెయిర్, జిమ్ ట్రైనర్, బౌన్సర్ల ఖర్చు హీరోయే పెట్టుకోవాలన్నారు. సెప్టెంబరు వచ్చేసరికి మళ్లీ క్లాప్ కొట్టారు. ఏం తగ్గింది? ఒక నెల తగ్గింది, అంతే.

చెన్నైలోనూ ఇదే సినిమా ఆడింది, డబ్బింగ్ కూడా అక్కర్లేకుండా. 2024 జూలైలో తమిళ నిర్మాతల మండలి ఉగ్రరూపం దాల్చింది. నటుల పారితోషికాలు భరించలేకున్నాం, నవంబరు 1 నుంచి షూటింగులు బంద్, ముందు ఖర్చుల సంగతి తేలాలి అని తీర్మానం చేసింది. అడ్వాన్సులు పుచ్చుకుని కాల్షీట్లు ఇవ్వని వాళ్ల మీద గుర్రుమంది. ఆ తర్వాత? మాటలు, రాజీలు, కాఫీలు. హీరోల రేటు దిగిందా? దిగితే ఆ సంతోషవార్త మన దాకా రాకుండా ఉంటుందా?

హీరో రేటు తగ్గించమని హీరోకి చెప్పలేని నిర్మాత ఏం చేస్తాడు? ఎవరికి చెప్పగలడో వాళ్లకి చెబుతాడు.

హైదరాబాద్ కృష్ణానగర్‌కు తెల్లవారకముందే వెళ్లి చూడండి. టీ బండి చుట్టూ చిన్న సంచులతో మనుషులు. లైట్‌మన్, సెట్ అసిస్టెంట్, ప్రొడక్షన్ బాయ్, జూనియర్ ఆర్టిస్టు. యూనిట్ బస్సు వస్తుంది. ఏజెంటు పేర్లు పిలుస్తాడు. పేరు వినబడినవాడు చివరి గుక్క తాగకుండానే ఎక్కేస్తాడు. వినబడనివాడు ఇంకో టీ చెప్పి, కాసేపు రోడ్డు వంక చూసి, అద్దె గదికి పోతాడు. హీరో స్లో మోషన్‌లో నడిచి వస్తుంటే వెనక దుమ్ము లేస్తుంది చూడండి, అది వీళ్లు లేపిందే. ఆ దుమ్ముకు ఈల వేస్తాం. లేపినవాడి పేరు చివర్లో పరుగెత్తే అక్షరాల్లో ఉంటే ఉంటుంది. అప్పటికి మనం పార్కింగ్‌లో బండి తాళం వెతుక్కుంటుంటాం.

వీళ్లు 2025 ఆగస్టు 4 నుంచి సమ్మె చేశారు. కూలి 30 శాతం పెంచండి అన్నారు. అంతే! పరిశ్రమ ఒక్కసారిగా పేదదైపోయింది. మొన్నటిదాకా ‘మన సినిమా ప్రపంచ స్థాయికి వెళ్లింది’ అన్న నోళ్లే, ‘థియేటర్లకు జనం రావట్లేదండీ, ఓటీటీలు కొనట్లేదండీ, ఎక్కడి నుంచి తెచ్చేదండీ’ అన్నాయి. పోస్టర్ మీద వందల కోట్ల గ్రాస్ అచ్చు వేయించింది ఎవరో వేరే గ్రహం వాళ్లు కాబోలు. ఆ జనవరిలోనే ఆదాయపు పన్ను వాళ్లు హైదరాబాద్‌లో పెద్ద నిర్మాతల ఇళ్ల మీద, ఆఫీసుల మీద సోదాలకు దిగారు. పాపం, పోస్టర్లు చదివే వచ్చి ఉంటారు.

ఆగస్టు 21 దాకా బేరం సాగింది. తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కల్పించుకోవాల్సి వచ్చింది. చివరికి రోజుకు రెండు వేల లోపు కూలి ఉన్నవాళ్లకు మూడేళ్లలో ఇరవై రెండున్నర శాతం. మొదటి ఏడాది పదిహేను, రెండో ఏడాది రెండున్నర, మూడో ఏడాది ఐదు. రెండో ఏడాది రెండున్నర! వెయ్యి రూపాయల కూలీకి రెండున్నర శాతం అంటే పాతిక రూపాయలు. మల్టీప్లెక్సులో పాతికకు పాప్‌కార్న్ రాదు, వాసన వస్తుంది. ఈ పాతిక కోసం రెండున్నర వారాలు షూటింగులు ఆగాయి. హీరో పారితోషికం మీద పాతిక రూపాయలు తగ్గించమని ఎన్ని రోజులు ఆపారు?

అక్టోబరు 28న యూసుఫ్‌గూడ పోలీస్ గ్రౌండ్‌లో సినీ కార్మికుల సభ. అక్కడ రేవంత్ రెడ్డి ఓ మందు కనిపెట్టారు. టికెట్ రేటు పెంచితే వచ్చే అదనపు ఆదాయంలో 20 శాతం కార్మికుల సంక్షేమ నిధికి ఇవ్వాలి, అప్పుడే పెంపునకు అనుమతి. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టేవాణ్ణే, లెక్క వేయకపోతే. కార్మికుడికి ఇచ్చేదెవరు? నిర్మాతా? హీరోనా? కాదు. అదనంగా బాదించుకున్న ప్రేక్షకుడు. అత్త సొమ్ము అల్లుడు దానం అని ఊరికే అన్నారా పెద్దలు! మిగతా 80 శాతం ఎటు పోతుందో సభలో చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు కూడా.

రేవంత్ రెడ్డి పేరు వచ్చింది కాబట్టి 2024 డిసెంబరు మాట్లాడుకోవాలి. ఇక్కడ నవ్వు రాదు.

డిసెంబరు 4 రాత్రి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, సంధ్య థియేటర్. ‘పుష్ప 2’ ప్రీమియర్. తెలంగాణ ప్రభుత్వం మామూలు రేటు మీద మరో 800 వేసుకోమని అనుమతి ఇచ్చిన ఆట. నలుగురున్న కుటుంబం చూడాలంటే నెల సరుకుల డబ్బు. అయినా వచ్చారు. అల్లు అర్జున్ వచ్చారు. జనం తోసుకున్నారు. ఓ తల్లి ఊపిరాడక చనిపోయింది. ఆమె కొడుకు తొమ్మిదేళ్లవాడు, నెలల తరబడి ఆస్పత్రి మంచం మీద. తర్వాత ఏమైందో మీకు తెలుసు. వద్దన్నామని పోలీసులు. మాకెవరూ చెప్పలేదని హీరో వర్గం. ముందే అర్జీ పెట్టుకున్నామని థియేటర్. అందరి దగ్గరా కాగితాలున్నాయి. ఆ తల్లి దగ్గర మాత్రం టికెట్ ఉంది.

డిసెంబరు 13న అర్జున్‌ను అరెస్టు చేశారు. అదే రోజు హైకోర్టు మధ్యంతర బెయిల్ ఇచ్చింది. కాగితాలు ఆలస్యమై ఒక రాత్రి చంచల్‌గూడలో గడిపారు. మర్నాడు ఆయన ఇంటి ముందు కార్లు బారులు తీరాయి. తెలుగు తెర మీద ఉన్న ముఖాల్లో ఎన్ని ఉన్నాయో అన్నీ వచ్చాయి. కౌగిలింతలు, కన్నీళ్లు, లైవ్ కెమెరాలు. ఒక రాత్రి జైలుకు ఇంత పరామర్శ! సికింద్రాబాద్ ఆస్పత్రి అదే నగరంలో ఉంది. అక్కడికి దారి తెలియదా? ఆ తర్వాత రెండు కోట్ల సాయం ప్రకటించారు, కాదనను. చెక్కు వేరు, కారు ఆపి దిగడం వేరు.

డిసెంబరు 21న శాసనసభలో ముఖ్యమంత్రి గర్జించారు. ఆ కార్ల వరస మీద కడిగేశారు. నేను ఈ కుర్చీలో ఉన్నంత కాలం బెనిఫిట్ షోలు లేవు, రేట్ల పెంపు లేదు అన్నారు. రాష్ట్రం ఊపిరి పీల్చుకుంది. ఎంతకాలం? పద్దెనిమిది రోజులు! జనవరి 8న ‘గేమ్ ఛేంజర్’కు జీవో వచ్చింది. విడుదల రోజు తెల్లవారుజామున నాలుగింటి నుంచే ఆటలు, సింగిల్ స్క్రీన్‌లో వంద, మల్టీప్లెక్సులో నూట యాభై అదనం. ఒంటిగంట ఆటకు అనుమతి ఇవ్వలేదు చూశారా, మాట మీద నిలబడటం అంటే అదీ! నిర్మాత ఎవరు? దిల్ రాజు. నెల కిందటే అదే ప్రభుత్వం తెలంగాణ ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ చైర్మన్‌గా నియమించిన దిల్ రాజు. ఇంకేం అడుగుతారు?

హైకోర్టు కళ్లెర్రజేశాక ఆ జీవోను వెనక్కి తీసుకున్నారు. ఇంతకీ ఆ సినిమాలో హీరో ఎవరు? అవినీతి మంత్రుల భరతం పట్టే నిజాయితీ గల ఐఏఎస్ అధికారి. తెర మీద ఆ కలెక్టర్‌కు తన సినిమా జీవో ఫైలు వస్తే ఏం రాసేవాడో రామ్ చరణే చెప్పాలి. దర్శకుడు శంకర్. ‘జెంటిల్‌మన్’ నుంచి ‘ఒకే ఒక్కడు’ దాకా లంచం మీద, అధికారం మీద కత్తి దూస్తూ పేరు తెచ్చుకున్న మనిషి. మన దగ్గర అవినీతి మీద పోరాటం చూడాలన్నా ప్రత్యేక రేటు ఉంటుంది.

ఆ సినిమా వేడుక రాజమండ్రిలో జరిగితే, తిరిగి వెళ్తూ ఇద్దరు కుర్రాళ్లు రోడ్డు ప్రమాదంలో పోయారు. తలా ఇన్ని లక్షలు ప్రకటించారు. మనకు అలవాటైపోయింది.

అప్పటి నుంచి తెలంగాణలో టికెట్ రేటు సచివాలయంలో పుట్టి హైకోర్టులో చస్తోంది. ఓజీ ప్రీమియర్‌కు ఎనిమిది వందలు అన్నారు. సింగిల్ జడ్జి సస్పెండ్ చేశారు, నిర్మాతలు అప్పీలుకు పరుగెత్తారు. డిసెంబరులో బాలకృష్ణ ‘అఖండ 2’కు పెంచారు. మళ్లీ కోర్టు ఆపింది. జీవో విడుదల ముంగిట్లో వస్తుంది. ఎవరో ఒక మామూలు మనిషి పిటిషన్ వేస్తాడు. ఉత్తర్వు వచ్చేలోగా టికెట్లు సగం అమ్ముడైపోతాయి. కట్టిన డబ్బు వెనక్కి ఇస్తారా? మీ ‘కన్వీనియెన్స్ ఫీజు’ సాక్షిగా చెప్పండి, ఎవరికైనా వచ్చిందా?

‘తమిళనాడును చూసి నేర్చుకోండి’ అంటారు కొందరు. చూశాం. అక్కడ మల్టీప్లెక్సులో కూడా టికెట్ రెండు వందల లోపే. 2023 జనవరి 11న చెన్నై కోయంబేడులో అజిత్ ‘తునివు’ అర్ధరాత్రి ఆట సంబరంలో ఓ పందొమ్మిదేళ్ల కుర్రాడు కదులుతున్న లారీ మీంచి పడి చనిపోయాడు. ఆ తర్వాత తొమ్మిదింటికి ముందు ఆటల్లేవు. నిజంగానే లేవు. విజయ్ ‘లియో’కు కోర్టుకు వెళ్లినా రాలేదు. భేష్. అయితే భక్తి ఆగిందా? సరిహద్దు దాటి కేరళలో తెల్లవారుజామున నాలుగింటి ఆటకు పోయారు. ట్రైలర్ చూపించినందుకే చెన్నై రోహిణి థియేటర్‌లో కుర్చీలు విరిచారు. సినిమా కాదండీ, ట్రైలర్!

ఆ విజయ్ సంగతే తీసుకోండి. ‘మెర్సల్’లో జీఎస్టీని కడిగిపారేశాడు. పన్ను కట్టే సామాన్యుడికి ఏం దక్కుతోందని అడిగాడు. ఈల వేశాం. ఆయనే ఇంగ్లండ్ నుంచి తెప్పించిన రోల్స్ రాయిస్‌కు ప్రవేశ పన్ను కట్టలేనని 2012లో కోర్టుకెక్కాడు. 2021లో మద్రాసు హైకోర్టు జడ్జి లక్ష జరిమానా వేసి, తెర మీది హీరోలు తెర బయట కూడా హీరోల్లా ఉండాలన్నంత పని చేశారు. తర్వాత డివిజన్ బెంచి ఆ వ్యాఖ్యల్ని తొలగించింది. సరే, వ్యాఖ్యలు పోయాయి. కారు?

2025 సెప్టెంబరు 27. ఇక్కడ మనం ఓజీ రెండు రోజుల కలెక్షన్లు లెక్కపెడుతున్నాం. అక్కడ కరూర్‌లో విజయ్ పార్టీ సభ. మధ్యాహ్నానికి వస్తారన్న మనిషి చీకటి పడ్డాక వచ్చాడు. ఎండలో, తిండీ నీళ్లూ లేక, పిల్లల్ని భుజాన వేసుకుని నిలబడ్డ జనం. 41 మంది ప్రాణాలు పోయాయి. ఆయన ఆ రాత్రే చెన్నై చేరాడు. కరూర్ వెళ్లేందుకు అనుమతులు రాలేదన్నారు. నెల తర్వాత పరామర్శ జరిగింది. ఎక్కడ? చనిపోయినవాళ్ల ఇళ్లలో కాదు. మామల్లపురంలో, హోటల్లో. కుటుంబాలను బస్సుల్లో ఎక్కించి అక్కడికి తీసుకొచ్చారు. దుఃఖంలో ఉన్నవాళ్లే కాల్షీటు సర్దుకుని వెళ్లి ఓదార్పు తెచ్చుకోవాలి!

టికెట్ రెండు వందలున్న చోటా, వెయ్యి ఉన్న చోటా తేడా ఏముంది? గుంపు హీరోదే. గుంపును చూసి ఓటీటీ వాడు కోట్లు ఇస్తాడు, పార్టీలు టికెట్లు ఇస్తాయి, బ్రాండ్లు చెక్కులు ఇస్తాయి. ఆ గుంపులో ఎవరైనా పడిపోతే మాత్రం అది పోలీసుల గుంపు, థియేటర్ గుంపు, ‘అభిమానుల అత్యుత్సాహం’.

చివరిగా ఓ ముచ్చట. 2025 నవంబరులో ‘ఐబొమ్మ’ పైరసీ సైట్ నడిపినవాణ్ణి హైదరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. చిరంజీవి, నాగార్జున, రాజమౌళి, దిల్ రాజు కమిషనర్ దగ్గరికి వెళ్లి కృతజ్ఞతలు చెప్పారు. పైరసీ దొంగతనమే, అందులో సందేహం లేదు. దొంగ దొరికితే జనం ఏం చేయాలి? చప్పట్లు కొట్టాలి. మన జనం ‘అయ్యో పాపం’ అన్నారు. సోషల్ మీడియాలో వాణ్ణి రాబిన్‌హుడ్‌ను చేశారు. సినిమా పెద్దలు నోరెళ్లబెట్టారు. ఇంత కృతఘ్నతా అని నొచ్చుకున్నారు. తెర మీద, ఉన్నోణ్ణి కొట్టి లేనోడికి పంచే హీరోకి పాతికేళ్లుగా ఈలలు నేర్పింది ఎవరండీ?

సంక్రాంతి ప్రతి ఏడాదీ వస్తుంది. ఫైళ్లూ వస్తాయి. ఈసారి అర్జీ ఫారంలో ఒక్క గడి పెంచండి చాలు. సినిమా పేరు, నిర్మాత పేరు, ఎన్ని రోజులు, ఎంత పెంపు. వాటి కింద ‘హీరోగారి పారితోషికం: రూ. ........’ అని ఒక గీత. నిజాయితీగా నింపి, సంతకం పెట్టి, థియేటర్ గోడకు అంటించండి. ఆ సినిమాకు వెయ్యి కాదు, పన్నెండు వందలు పెట్టి మొదటి టికెట్ నేనే కొంటాను.

నింపరు. పందెం ఎంత?